కింద పేరు లేని మెయిల్

తొంభై తొమ్మిదిలో మహబూబ్‌నగర్ బస్టాండు ఎదుటి ఇంటర్నెట్ సెంటర్‌కు అండాలు రోజూ సాయంత్రం వచ్చేది. చెప్పులు బయటే విడిచి, చేతులు కొంగుకు తుడుచుకుని, చూపుడువేలితో ఒక్కో అక్షరం వెతికి కొట్టేది. బొంబాయిలో అన్న, హైదరాబాదులో తమ్ముడు, ఇక్కడ తను. ముగ్గురికీ ఒకటే మెయిల్ అడ్రసు. అందులోంచి అందులోకే రాసుకుంటారు గనుక కింద పేరు పెట్టాలన్నది ఆమె నియమం. ఆ రోజు పొద్దున తండ్రికి, వాళ్ల బాపుకు, హైదరాబాదులో కడుపు ఆపరేషన్. తమ్ముడే దగ్గరున్నాడు. మెయిల్ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఒకటే ముక్క: "అంత మంచిగైంది. ఫికర్ చెయ్యకు." కింద పేరు లేదు. ఏమీ తెలియకుండానే బొంబాయి నుంచి అన్న ధైర్యం చెబుతున్నాడేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. "నువ్వెవరు?" అని రాసింది. పది నిమిషాలకు జవాబొచ్చింది: "నేనే." పక్క నుంచి చూస్తున్న సెంటరాయన నవ్వాపుకున్నాడు. "నీ నేనే పాడుగాను, బాపు ఏమన్నడు?" అని మళ్లీ కొట్టింది.

"కండ్లు తెరవంగనే బీడీ అడిగిండు. ఇయ్యకుంటే నన్ను తిడుతుండు."

రెండుసార్లు చదివి అండాలు సెంటరాయన వైపు తిరిగింది. "మా బాపు బతికిండు," అంది.