అడ్రస్ అడిగితే చెప్పే దుకాణం

బేగంబజార్‌లో మా మామగారి గిన్నెల దుకాణం మూయడం పెద్ద తంతు. షట్టర్‌కు రెండు పక్కలా తాళాలు వేసి, ఒక్కోదాన్ని పట్టుకుని గుంజి చూసి, నాలుగడుగులు వేశాక అనుమానం వచ్చి మళ్లీ వెనక్కి వస్తారు. లోపల ఉన్నవి ఇత్తడి బిందెలూ, స్టీలు డబ్బాలూ. ఎత్తుకుపోవాలంటే దొంగ ముందుగా హమాలీలను మాట్లాడుకోవాలి.

అలాంటి మనిషిని ఒప్పించి నేను ఆన్‌లైన్ అమ్మకాలు మొదలుపెట్టాను. కొనేవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు అన్నీ క్లౌడ్‌లో దాచాం.

"మన సామాను ఎవలింట్లనో పెట్టుడేంది బిడ్డా? పక్క దుకాణపోడు చూస్తే?" అని ఆయనకు ఒకటే ఫికర్.

ఆ ఫికర్ తీర్చడానికి సెక్యూరిటీ పనులు చేసే ఒకాయనను పిలిపించాం. ఆయన కర్చీఫ్‌తో మెడ తుడుచుకుంటూ, ఎవరికీ నోరు తిరగని పాస్‌వర్డ్ పెట్టించి, దాని మీద ఓటీపీ కూడా పెట్టించాడు. "ఇక ఏ హ్యాకరూ లోపలికి రాలేడు సార్" అన్నాడు. ఓటీపీ యజమాని ఫోన్‌కే వస్తుందని చెప్పగానే మామగారి ముఖం చాటంత అయింది. ఆ రోజు నుంచి నేను ఒక్క ఆర్డర్ చూడాలన్నా "మామా, నంబర్ చెప్పుండ్రి" అని బతిమాలుకోవాలి. ఆయన ఫోన్‌ను చొక్కా చాటుకు తిప్పుకుని, అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గర గొణిగేవారు. నాకు ఒళ్లు మండేది. పూజగదిలో బంగారం ఎక్కడుందో తెలిసిన కోడలిని గిన్నెల ఆర్డర్ల దగ్గర నమ్మరు!

ఒకరోజు ఒకామె చిన్న కుక్కరు, ఒక కంచం, ఒక గ్లాసు, గంటె కావాలని ఆర్డర్ పెట్టింది. కింద "నా అడ్రస్ దయచేసి ఎవరికీ చెప్పవద్దు" అని రాసింది. నేను ఫోన్ చేశాను. భర్త కొడుతుంటే తట్టుకోలేక వచ్చేశానని, గుడిమల్కాపూర్ పూల మార్కెట్ వెనుక గది తీసుకున్నానని మెల్లగా చెప్పింది.

"ఫికర్ చెయ్యకు అక్కా. మా దగ్గర మస్తు సెక్యూరిటీ ఉంది" అన్నాను. దెబ్బల సంగతి ఇంకొకరికి చెప్పడం నాకు మర్యాద అనిపించలేదు. ఆమె రాసిన మాట మాత్రం మామగారికి చూపించాను. "మన నోట్లకెళ్లి బయటికి పోదు" అన్నారాయన. సామాను చేరింది.

వారం తిరగలేదు. నేను అట్టపెట్టెల కోసం ఉస్మాన్‌గంజ్ వెళ్లి వచ్చేసరికి మామగారు మంచి హుషారుగా ఉన్నారు.

"ఆమె మొగుడు వచ్చిండు బిడ్డా. ఎంత పద్ధతిగల మనిషి! కొన్నట్టు బ్యాంకు మెసేజ్ ఆయన ఫోన్‌కు పోయిందట. ఇంటిది అలిగి పోయిందట, తోల్కపోతా అన్నడు. చాయ్ తాగిపిచ్చిన. ఓటీపీ నేనే కొట్టి అడ్రస్ తీసిన."

"ఎవరికీ చెప్పొద్దని రాసింది గద మామా!"

"ఎవరికీ అంటే బయటోళ్లకు. మొగుడు బయటోడా? ఆయనేమన్న హ్యాకరా?"

అంతటితో ఆగలేదు. పాతబస్తీలో అడ్రస్ అడిగితే నోటితో చెప్పి ఊరుకోవడం నామోషీ కదా. బయటికి వచ్చి ఆటో ఆపి, "భాయ్, గుడిమల్కాపూర్ ఫూల్ మార్కెట్ కే పీఛే ఛోడో" అని దగ్గరుండి ఎక్కించారట.

"ఆమెను సావగొడ్తడు మామా వాడు!" అని అరిచాను. ఆ కోపంలో వయసూ వరసా గుర్తులేవు. ఆయన చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఆగిపోయింది.

నేను ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తింది. "అక్కా, ఆయనకు నీ అడ్రస్ తెలిసింది, వస్తున్నడు, బయటికి పో" అన్నాను. అవతల తలుపు చప్పుడు, పరుగు.

సాయంత్రం వేరే నంబర్ నుంచి ఆమే చేసింది. పని దగ్గర తెలిసినవాళ్లింట్లో ఉందట. అతను గది తలుపు పగలగొట్టి, సామానంతా గల్లీలో విసిరేసి పోయాడట. "నా అడ్రస్ మీకు తప్ప ఎవ్వరికీ ఇయ్యలే" అంది. తిట్టినా బాగుండేది. ఆమె వివరాలు తీసేయమని అడిగితే తీసేశాను. డిలీట్ చేసినా బ్యాకప్‌లో కొన్నాళ్లు ఉంటుందని, మా భద్రత అంత గట్టిదని సెక్యూరిటీ ఆయన ఫోన్‌లో గొప్పగా చెప్పాడు.

మర్నాడు మామగారు దుకాణం తెరవగానే గల్లా దగ్గర కూర్చోలేదు. మెట్లెక్కి పై అరల్లోంచి మంచి మంచి గిన్నెలు ఏరి, ఒక్కోదాన్ని పంచెతో తుడిచి, కాగితం చుట్టి పెట్టెలో సర్దారు. కొత్త సంసారానికి ఇచ్చేంత సామాను. హమాలీని కట్టనివ్వకుండా తాడు తానే కట్టారు.

"పైసలు వద్దు బిడ్డా. ఊకెనే పంపుదాం. ఏడికి పంపాలె?"

"నేను అడిగిన మామా. మనకు చెప్పనన్నది."