తక్కువైన ఆరడుగులు

ఉన్నవాళ్ళు ముగ్గురు: అవ్వ, నాన్న, నేను. ఉన్నవి: టేపు, సుత్తి, ఉలి, టార్చి, ఒక కుర్చీ. కుర్చీ అవ్వ కోసం. ఆమె కూర్చోలేదు.

నేను వేలూరులో బిల్డింగ్ ప్లాన్లు గీస్తాను. గుడియాత్తంలోని మా పాత ఇంటిని తిరగకట్టాలని కొలతలు తీశాను. బయటి పొడవు ముప్పై ఒక్క అడుగులు. లోపలి గదులు, గోడలు కలిపితే ఇరవై ఐదు. మూడుసార్లు కొలిచినా అంతే.

"ఆ గదే" అంది అవ్వ.

ఆ గది కథ ఇంట్లో అందరికీ తెలుసు. ఎక్కడుందో ఇప్పుడెవరికీ తెలియదు. ప్లేగు కాలంలో మా తాతగారి తాతకు జబ్బు తగిలింది. మా నాన్నలాగే ఆయనా మేస్త్రీనే. చిన్నవాడైన కొడుకు పొద్దున లేచి చూస్తే తలుపు ఉన్నచోట గోడ ఉంది. లోపల రెండు రోజులు దగ్గు వినిపించింది. చిన్నాయనే బయట నుంచి గోడ కట్టి తండ్రిని మూసేశాడని ఆ పిల్లవాడు నమ్మాడు. పెద్దయి, అవ్వకు మామగారయ్యాక, ఆమెకు ఒకే షరతు పెట్టాడు: పక్కింట్లో నీళ్ళు ముట్టవద్దు. పక్కిల్లు ఆ చిన్నాయన సంతతిది. అవ్వ అరవై ఏళ్ళుగా ముట్టలేదు.

"దయ్యం గియ్యం వస్తాదేమో నాయనా" అంది నాన్నతో.

"వస్తే తాపీ ఇచ్చి పనిలో పెట్టుకుందాంలేమ్మా. ఇప్పుడు మనుషులు యాడ దొరకతా ఉండారు?"

కొలత తగ్గినచోట ఉన్న గోడకు నాన్న బయటి పూత చెక్కాడు. కొంచెం చెక్కి ఆగిపోయాడు. ఇటుకల సందుల్లోంచి సున్నం బయటికి ఉబ్బి ఎండిపోయి ఉంది.

"ఏమైందప్పా?" అన్నాను.

"కట్టేవోడు తను నిలబడిన పక్క సందులు సాపు చేస్తాడు. అవతల పక్కే ఇట్లా ఉబ్బేది."

పై వరసలో నాలుగు ఇటుకలు తీసి టార్చి వేశాను. లోపలి వైపు సందులన్నీ నున్నగా ఉన్నాయి. నేల మీద సున్నం తొట్టి, తాపీ, మిగిలిన ఇటుకలు, చాప. చాప మీద ఎముకలు.

అవ్వ తొంగి చూడలేదు. "లోపలుండి ఆయనే కట్టుకున్నాడా?"

"ఆమామ్మా, ఆయనే. బయటి పూత ఒకటే తమ్ముడు వేసినట్టుండాది."

ఆమె కొంగు సర్దుకుని పక్కింటికి నడిచింది. గడప దగ్గర నిలబడి చెంబుడు నీళ్ళడిగింది. వాళ్ళ కోడలు తెచ్చి ఇచ్చింది. అవ్వ అంతా తాగింది.

మర్నాడు రెండిళ్ళవాళ్ళం కలిసి ఎముకలను శ్మశానానికి తీసుకెళ్ళాం. తర్వాత గోడ పూర్తిగా విప్పాను. ఆయన పేర్చిన ఇటుకలు నూట నాలుగు.