వరస కాని అల్లుడు

మన మందిరం గుమ్మం ముందు నా చెప్పులు మూడోసారి మారిపోయాయి. లోపల పశ్చాత్తాపపడి కన్నీళ్లతో బయటకు వచ్చిన సహోదరుడెవరో ఆ తడి కళ్లతోనే నా కొత్త జత వేసుకుని వెళ్లి, మడమ అరిగిన తన జతను నాకు విడిచిపెట్టాడు. క్షమించాను. కానీ ఆ జత కుట్టు చూశాక మాత్రం ఊరుకోలేకపోతున్నాను, దారం అంత వదులుగా ఉంటే రెండు వారాలు కూడా ఆగదు. మా తాత చెప్పులు కుట్టేవాడు కనుక ఈ విషయంలో నాకు కొంచెం పట్టింపు ఎక్కువ.

ప్రియ సహోదరులారా, ఇప్పుడు రాసిన ఆ చివరి వాక్యాన్ని నేనున్న గదిలో పైకి చెప్పడానికి నాకు ఏడేళ్లు పట్టింది. నా సాక్ష్యమంతా అదే.

కొందరి సాక్ష్యాల్లో తాగుడు ఉంటుంది, కొందరివాటిలో పెద్ద జబ్బు ఉంటుంది. నాకు అలాంటి పేరున్న బంధకమేదీ లేదు. నేను ఒకే ఒక్క అబద్ధమాడాను, ఆ తర్వాత దాన్ని ఏ లోటూ రాకుండా చూసుకున్నాను.

మాది జగిత్యాల పక్క పల్లె. బి.కామ్ పాసై, ఆ డిగ్రీ కోసం ఎవరూ ఎదురుచూడటం లేదని గ్రహించి సూరత్ బండి ఎక్కాను. అక్కడి వడోద్ పేటలో గది కోసం వెళితే, అక్కడున్న మన తెలుగు నేతపనివాళ్లు తలుపు సగం తెరిచి, “మనోళ్లేనా?” అని అడిగారు. ఆ ప్రశ్నకు అర్థం తెలియని తెలుగువాడు ఉండడు. “మనోళ్లే” అన్నాను. తలుపు మిగతా సగం తెరుచుకుంది. ఇంటిపేరు అడిగితే, కాలేజీలో నా పక్కన కూర్చున్న పద్మశాలి మిత్రుడి ఇంటిపేరు చెప్పాను. దానికి అతని అనుమతి తీసుకోలేదు. నా పేరు ప్రభుదాసు. అందులోంచి ప్రభువును తీసేసి దాసును ఉంచుకున్నాను.

ఆ గదిలో పెద్దాయన రాజమల్లు, చిన్నప్పటినుంచి మగ్గం మీద బతికిన మనిషి, భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయన నా కొత్త ఇంటిపేరును వేళ్ల మీద లెక్కవేసి, వరసకు నేను తనకు అల్లుణ్ణవుతానని తేల్చాడు. అంతే, ఆ రోజునుంచి ఆయన నాకు మామ. లూమ్‌ల కార్ఖానాలో తన పక్కన నిలబెట్టుకుని తెగిన పోగు అతకడం నేర్పాడు, నాకు కామెర్లు వస్తే ఎవరినో అడిగి మందు తెచ్చాడు, ఊరినుంచి పచ్చడి వస్తే మొదటి ముద్ద నాకే పెట్టాడు, ఇవన్నీ నాకు దొరికిన ప్రేమలే, కానీ అన్నీ వేరే ఇంటిపేరు మీద వచ్చినవి.

శ్రావణ పౌర్ణమికి నేతవాళ్లు జంధ్యం మార్చుకుంటారు. నాకూ వేశారు. మరుసటి ఏడు కొత్తది వేసుకున్నాక, పాతదాన్ని నీళ్లలో విడవాలని తెలియక, దారం గట్టిగానే ఉంది కదా అని దానితో దోమతెర కట్టాను. మామ దోమతెరను చూశాడు, నన్ను చూశాడు.

“సదువుకున్నోళ్లు గిట్లనే ఉంటరు. వాళ్లకు పట్టింపులుండయ్” అన్నాడు.

నా తప్పులన్నిటికీ నా డిగ్రీ అలా పూచీ పడింది. దానివల్ల నాకు కలిగిన ప్రయోజనం అదొక్కటే.

ఆదివారాలు తెలుగువాళ్ల ప్రార్థన జరిగే ఇంటి ముందుగా నడుస్తూ, చెప్పు పట్టీ ఊడినట్టు వంగి ఒక పాట పూర్తయ్యేదాకా సర్దుకునేవాణ్ణి. లోపలికి మాత్రం వెళ్లలేదు. మా అమ్మ ఫోన్ చేస్తే మెట్ల మీదికి వెళ్లేవాణ్ణి. ఆమె ప్రతిసారీ ఒకే ప్రార్థన చేసేది: “తండ్రీ, నా బిడ్డ ఏడున్నా వాణ్ని పేరువెట్టి పిలువు, వాడు పలికేటట్టు చెయ్యి.” నేను గొంతు తగ్గించి ఆమేన్ అనేవాణ్ణి. ఏ పేరుతో పిలవాలో ప్రభువుకు కూడా కొంత ఇబ్బందే అయి ఉంటుంది.

తర్వాత కరోనా వచ్చింది, లూమ్‌లు ఆగిపోయాయి, గదిలో మిగతావాళ్లు ఎలాగోలా ఊళ్లు చేరారు, మామా నేనూ మిగిలాం. లూమ్‌ల మధ్య పనిచేసేవాళ్లు ఒకరితో ఒకరు అరుచుకుంటారు, సైగలు చేసుకుంటారు, మాట్లాడుకోవడం తక్కువ. ఆ నిశ్శబ్దంలో మేం మొదటిసారి మాట్లాడుకున్నాం. ఆయన తన భార్య గురించి, తాను ఆమెను కొట్టిన ఒక రోజు గురించి, ఎవరికీ చెప్పనివి చెప్పాడు. బదులుగా నేను లేని మేనత్తను ఒకామెను పుట్టించి, పెళ్లి చేసి, చివరకు చంపేశాను. చప్పుడులో ఒక్క అబద్ధంతో ఏళ్లు గడిచాయి, నిశ్శబ్దంలో రోజుకొకటి కావలసి వచ్చింది.

మరుసటి ఏడు రెండోసారి ఆ జబ్బు ఊరి మీద పడి, తిరిగొచ్చిన గదివాళ్లు మళ్లీ ఊళ్లకు వెళ్లిపోయినప్పుడు మామకు జ్వరం పట్టుకుంది. ఆసుపత్రుల్లో మంచాలు లేవు. వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ అంకె తొంభైకి దిగువన ఊగుతుంటే, డాక్టరు ఫోన్‌లో చెప్పినట్టు ఆయనను బోర్లా పడుకోబెట్టి, మందులు మింగించి, జావ తాగించేవాణ్ణి. నాలుగో రోజు పొద్దున ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“అల్లుడా, నేను పోతె ఆ ప్లాస్టిక్‌ల చుట్టేటోళ్ల చేతుల వెట్టకు. ఎవ్వడో బయటోడు ముట్టద్దు నన్ను. నువ్వు మనోనివి. నువ్వే కొరివి వెట్టు.”

సహోదరులారా, ఏడేళ్లలో నా అబద్ధం గది దాకా వచ్చింది, కంచం దాకా వచ్చింది, ఇప్పుడు పాడె దాకా వస్తానంటోంది. ఆయన ముట్టవద్దన్న బయటివాణ్ణి నేనే. అవునంటే చావబోయే మనిషిని మోసం చేసినట్టు, కాదంటే ఏమవుతుందో తెలియదు, ఆయన తప్ప ఆ ఊళ్లో నాకు మనిషంటూ లేడు. స్టవ్ ముందు నిలబడి, ఏడేళ్ల తర్వాత నా సొంత నోటితో ప్రార్థన చేశాను: “ప్రభువా, ఈయనను బ్రతికించు. కనీసం నేను చెప్పవలసింది చెప్పేదాకా బ్రతికించు. చెప్పాక ఈయన నన్ను వెళ్లగొట్టినా నీకు ఫిర్యాదు చేయను.” ఇలా బేరమాడటం ప్రార్థనా పద్ధతి కాదని తర్వాత పాస్టరుగారు చెప్పారు. అప్పటికి బేరం అయిపోయింది.

జావ గ్లాసుతో వెళ్లి కూర్చుని చెప్పాను. “మామా, నేను నీ వరస కాదు. మాది మాదిగోళ్ల ఇల్లు. మా తాత చెప్పులు కుట్టేటోడు. మేం యేసు ప్రభువును నమ్మినోళ్లం. నా పేరు ప్రభుదాసు.”

“ఏంది?” అన్నాడు.

మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం ఇంకా కష్టం, ఎందుకంటే ఆయన మొదటిసారే విన్నాడని నాకు తెలుసు. ఆయన గోడవైపు తిరిగాడు. జావ ముట్టలేదు. మధ్యాహ్నం ఇచ్చిందీ ముట్టలేదు. మరునాడు పొద్దునకు కూడా గ్లాసు పెట్టినచోటే ఉంది. నేను బయట మెట్ల మీద కూర్చుని ఆయన దగ్గు లెక్కపెడుతూ, “తండ్రీ, నిజం చెప్పమన్నది నువ్వే, ఇప్పుడీ మనిషి ఆకలితో పోతే నేనేం చేయాలి, నా చేతినుంచి కాకపోతే వేరే చేతినైనా పంపు” అని అడిగాను. వేరే చెయ్యి రాలేదు.

ఎండ మెట్ల మీదికి వచ్చే వేళకు లోపలినుంచి గొంతు వినిపించింది. “ఓ పిలగా, పూరా పేరు ఏమన్నవు?”

“ప్రభుదాసు.”

“జావ సల్లారింది. జర ఏడిచెయ్యి.”

వేడిచేసి ఇచ్చాను. తాగాడు. గ్లాసు చేతిలోనే ఉంచుకుని, “ఏడేండ్లు నీ చేతి కూడు తిన్న” అన్నాడు.

“తిన్నవ్ మామా.”

“ఏం గాలే నాకు.”

“అప్పుడప్పుడు ఉప్పెక్కువైందన్నవ్.”

“ఎక్కువే అయ్యేది.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “నిన్న నీ చేతిదనే తాగలే. అబద్ధమెందుకు చెప్పాలె. పొద్దుగాల గిలాసలు యాదికొచ్చినయ్. మా ఊరి హోటల్ల మీ వాడోళ్లకు వేరే గిలాసలుండె. చిన్నప్పుడు నేనే వాటిని చూరుకు దోపి వెట్టేటోన్ని. ఎవ్వలు చెప్పిన్రో యాదిలేదు. నేనే చేసిన.” తర్వాత నా చొక్కా లోపలి జంధ్యం వైపు చూపించి, “అది తియ్యి. నీది కాదు. కత్తెర వెట్టకు, కాళ్లకెల్లి తియ్యాలె” అన్నాడు.

తీశాను. దూదిపోగంత బరువు కూడా లేని దారం, అయినా ఆ రోజు నేను నిటారుగా నిలబడ్డాను. పదో రోజుకు అంకె తొంభై అయిదు దాటింది. దేవునికే మహిమ. ఆయన ఊపిరిని నిలిపినందుకు మహిమ, నా నోటిని విప్పినందుకు ఇంకొంచెం ఎక్కువ మహిమ. మా అమ్మ ఫోన్ చేస్తే గదిలోనే కూర్చుని, ఆమేన్ పైకే అన్నాను. మొదట్లో ఆమె రాంగ్ నంబర్ అనుకుంది.

కనుక ప్రియులారా, మీలో ఎవరైనా సగం పేరుతో బతుకుతుంటే, మీ నిజం తెలిస్తే ఎవరూ మిగలరని భయపడుతుంటే, నా మాట వినండి, ప్రభువు చేతికి ఆ భయాన్ని ఇచ్చి ఒక్క మనిషి ఎదుట కూర్చుని చెప్పండి. అందరూ నిలుస్తారని నేను హామీ ఇవ్వను, మాతో ఉన్నవాళ్లలో ఇద్దరు తిరిగి వచ్చాక వేరే గది చూసుకున్నారు. కానీ మిమ్మల్ని ఎరిగి పిలిచేవాడొకడు ఉన్నాడు, ఆయనను నమ్మండి. అలాగే మన మందిరానికి కొత్తవాడెవరైనా వస్తే ముందుగా ఇంటిపేరు అడిగే అలవాటు మనకు కూడా ఉంది. దాన్ని మానుకుందాం.

ఈ కాగితాలను పత్రికకు పంపేముందు మామకు చదివి వినిపించాను. ఆయన మన ప్రభువును నమ్ముకోలేదు, నా గదిని వదలనూ లేదు. చివరిదాకా కళ్లు మూసుకుని విని, బీడీ ఆర్పేసి అన్నాడు:

“అంత మంచిగనే రాసినవ్ గని, కొరివి వెట్టుమని నేనడిగిన్నాడు నువ్వు వేరే కత ఎత్తుకున్నవ్. ఇయ్యాల్టిదాంక జవాబు చెప్పలే.”