లోపలి గోడ, బయటి గోడ

ఆఫీసు పనికోసమని మా పెద్దమ్మని అడిగి రాయించుకున్న అర పేజీ కాగితాన్ని, ఆవిడ పుట్టిన దీవి దేశం కాదనడానికి సాక్ష్యంగా వాడుకున్నారు. వాడుకున్నాయనకి ప్రమోషన్ వచ్చింది. ఆవిడకి తమ్ముడు లేకుండా పోయాడు.

పెద్దమ్మ అంటే మా పెదనాన్న భార్య. ఆయన ఓడ మీద పనికెళ్లి, పన్నెండు రోజుల ప్రయాణమంత దూరంలో ఉన్న దీవిలో ఆవిడని చేసుకుని తీసుకొచ్చాడు. ఆ దీవిని ఏలేది మన ప్రభుత్వమే. దానికి సొంత జెండా ఉంది, వేరే దేశాలతో ఆడి ఓడిపోయే సొంత ఫుట్‌బాల్ జట్టు ఉంది. పాస్‌పోర్టు మాత్రం మనది. ప్రపంచంలో దేశాలెన్నో తేల్చుకుందామని లైబ్రరీలో మూడు పుస్తకాలు తిరగేశాను. మూడింట్లో మూడు రకాల లెక్కలు. తేడా అంతా ఇలాంటి దీవుల దగ్గరే. ఒకాయన జెండాని చూసి లెక్కపెట్టాడు, ఇంకొకాయన సైన్యాన్ని చూసి. మూడో ఆయన 'ఇతర ప్రాంతాలు' అని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో పడేసి చేతులు దులుపుకున్నాడు.

పెద్దమ్మకి ఆ సదుపాయం లేదు. ఆవిడ తపాలా సార్టింగ్ హాల్లో పనిచేసేది. అక్కడ ఉన్నవి రెండే గోడలు, వాటి నిండా చెక్క గూళ్లు. దేశంలోకి వెళ్లేవి లోపలి గోడకి, విదేశాలకి వెళ్లేవి బయటి గోడకి. బొటనవేలికి రబ్బరు తొడుగు వేసుకుని, ఎడమచేతిలో కట్ట పట్టుకుని, అడ్రసు మీద చూపు పడీపడకముందే కుడిచేత్తో గూట్లోకి విసిరేది. ఇరవయ్యారేళ్లు నిలబడే చేసింది. కూర్చుంటే పై వరుస అందదని.

దీవికి వెళ్లే ఉత్తరాలు లోపలి గోడకి. పార్శిళ్లు బయటి గోడకి, ఎందుకంటే కస్టమ్స్ వాళ్ల లెక్కలో దీవి విదేశం. ఒకే తల్లి ఒకే రోజు పంపిన ఉత్తరం ఒక దారిన, స్వెటర్ ఒక దారిన పోయేవి. 'స్వెటర్ సరిపోయిందా' అని ఉత్తరం అడిగితే, 'ఏ స్వెటర్' అని జవాబొచ్చేది. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ దీవి పార్శిల్‌ని లోపలి గోడకి విసిరేవాళ్లు. అది నెల తిరిగి, ముద్రలన్నీ వేయించుకుని, మళ్లీ ఈ హాల్లోకే వచ్చి పడేది.

"అక్కా, ఇంతకీ నువ్వే గోడ?" అని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు.

"నేను పార్శిల్నా? నా కాళ్ల మీద నేనే వచ్చాను" అనేది.

ఒకరోజు సూపరింటెండెంటు పిలిచి కుర్చీ చూపించాడట. ఆయన కుర్చీ చూపించడం అదే మొదలు. "అమ్మా, అక్కడ పుట్టినదానివి, నీకు తెలిసినంత మాకేం తెలుస్తుంది. దీవి టపా ఎలా పంపితే బాగుంటుందో నాలుగు ముక్కలు రాసివ్వు. మన ఆఫీసు వరకే."

ఇంటికొచ్చి రెండుసార్లు చిత్తు రాసి, మూడోసారి సాపు రాసిచ్చింది. అందులో ఒక వాక్యం: 'పార్శిళ్ల విషయంలో మాత్రం దీవిని వేరే దేశంగా చూడటం వల్ల జనానికి కష్టమే తప్ప లాభం లేదు.'

సరిగ్గా ఆ ఏడే, తమని ఒక దేశంగా గుర్తించి సొంత సభ్యత్వం ఇమ్మని దీవివాళ్లు ప్రపంచ తపాలా సభని అడిగారు. ఆరేళ్లు కూర్చుని ఆ అర్జీ తయారుచేసింది దీవి పోస్ట్‌మాస్టరు. అంటే పెద్దమ్మ తమ్ముడే. సభలో మన తరఫువాళ్లు లేచి ఆవిడ వాక్యం చదివారు. మొదటి మూడు మాటలు తీసేసి చదివారు. ఆవిడ పేరు, పుట్టిన ఊరు, సర్వీసు మాత్రం ఒక్క అక్షరం పోకుండా చదివారు. అర్జీ వీగిపోయింది.

సభ నుంచి తిరిగి వెళ్తూ ఆ తమ్ముడు పెద్దమ్మ ఇంటికొచ్చాడు. నేను స్టూలెక్కి ఫ్యాను బిగిస్తున్నాను. దిగాలో వద్దో తెలియక అక్కడే ఉండిపోయాను. ఆయన కూర్చోలేదు. జేబులోంచి కాగితం తీశాడు.

"ఇది నువ్వు రాసిందేనా అక్కా?"

ఆవిడ చదివింది. "ముందు మూడు మాటలుండాలిరా. ఏవీ?"

"నాకేం తెలుసు? నువ్వొచ్చి చెప్పాల్సింది."

"నన్నెవరు పిలిచార్రా అక్కడికి?"

"నన్ను మాత్రం పిలిచారా? అందరి ముందూ దేశం పేరు రాసిన పలక ఉంది. నన్ను వెనక గోడకానుకుని ఉన్న కుర్చీలో కూర్చోబెట్టారు. నీ పేరు చదువుతుంటే పక్కాయన వంగి, 'మీవాళ్లేనటగా' అన్నాడు."

"అమ్మకి తెలుసా?"

"రేడియోలో రెండుసార్లు చెప్పారు. మొదటిసారి వంటింట్లో ఉంది. రెండోసారి వింది."

మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అది ఆవిడ విషయంలో నిజమైంది. కాకపోతే నానబోయించినవాడు ఇంకొకడు.

మర్నాడు సూపరింటెండెంటు గదికెళ్లింది. "సార్, మూడు మాటలు పోయాయి. పూర్తి కాగితం మా తమ్ముడికి పంపండి, చాలు."

"టైపు చేసినవాళ్లు కుదించుంటారమ్మా. సభ అయిపోయింది, ఇప్పుడెందుకు? అయినా నువ్వు ఇక్కడి మనిషివే కదా ఇన్నేళ్లుగా."

"మరి పార్శిళ్లైనా లోపలికి మారుస్తారా?"

"అదెలా? కస్టమ్స్ వాళ్లు ఒప్పుకోరు. వాళ్లకది విదేశం."

సభలో దేశం కాదు, స్వెటర్‌కి మాత్రం విదేశం. ఇంత నిర్లజ్జగా అబద్ధమాడాలంటే ప్రభుత్వమే అయ్యుండాలి. తర్వాత నాలుగేళ్లు ఆవిడ ఆ పార్శిళ్లని బయటి గోడకే విసిరింది, తమ్ముడికి తను పంపినవాటితో సహా. ఆయన దగ్గర్నుంచి ఒక్క జవాబూ రాలేదు.

రిటైరయ్యాక ఆఖరిసారి కలిసినప్పుడు, మోకాళ్లకి నూనె రాసుకుంటోంది. ఉండబట్టలేక అడిగాను: "వాళ్ల గోల వాళ్లు పడేవాళ్లు కదా పెద్దమ్మా, నువ్వెందుకు రాశావు అసలు?"

"వాడి కూతురికి ప్రతి పుట్టినరోజుకీ బూట్లు పంపేదాన్ని. అవి చేరేసరికి పిల్ల పాదం పెరిగిపోయేది. ఒక్క జత కూడా పట్టలేదు. సార్ అడగ్గానే నాకు అవే గుర్తొచ్చాయిరా."

"ఆ మాట మామయ్యతో ఒక్కసారి అంటే పోయేదిగా."

"అంటే వాడు నన్ను క్షమిస్తాడు" అంది, సీసాకి మూత బిగిస్తూ. "నా తప్పు లేదని ఊరంతా చెప్తాడు. ఇక అక్కడ ఆ పిల్లని వేలెత్తి చూపిస్తారు, దీని బూట్ల కోసమే దేశం పోయిందని. నన్నే చూపించనీ. నేను దూరంగా ఉన్నాను."