సాబ్ పేరున బియ్యం

మా బాపుకు కోపం ముక్కు మీదే ఉండేది. అయినా ఆ పెత్తరమాస నాడు అమ్మ మీద అరిచినట్టు ఇంకెప్పుడూ అరవలేదు. తెలంగాణ వచ్చిన ఏడాది అది. బతుకమ్మకని నల్గొండ నుంచి ఆత్మకూరుకు, అమ్మగారింటికి వచ్చాను. చనిపోయిన పెద్దల పేరున జంగమయ్యకు బియ్యం ఇచ్చే రోజు కనుక అమ్మ చాటలో తాత వాటాగా ఓ పాలు బియ్యం, అవ్వకో పాలు పోసింది. ఏమనుకుందో, పక్కన ఇంకో పాలు పోసి, "గిది మీ సాబ్ పేరున" అంది.

బాపు ఆ బియ్యాన్ని దోసిళ్లతో ఎత్తి మళ్లీ కుండలో పోశాడు. "బతికున్నోనికి బియ్యమిస్తరానె? ఆయన సచ్చిండని నీకెవరు జెప్పిర్రు?"

గొర్లు కాసుకునే ఇల్లు మాది. అందులోంచి బాపు ఒక్కడే విమానాల దాకా పోయాడు. నడపడానికి కాదు, నడిపేవాళ్లను కూర్చోబెట్టడానికి. డెబ్బై ఒకటి యుద్ధంలో, సరిహద్దు దగ్గర, ఒక ఫైటర్ స్క్వాడ్రన్‌లో ఆయన పని అది. నిచ్చెనెక్కి తన పైలట్ సాబ్‌కు బెల్టులు బిగించాలి. చివరగా సీటుకున్న పిన్ను తీయాలి. పిన్ను ఉన్నంతసేపు సీటు కదలదు. తీస్తేనే, ఆపద వచ్చినప్పుడు పైలట్ హ్యాండిల్ గుంజితే సీటుతో సహా బయటికి ఎగిరి పారాచూట్‌తో దిగుతాడు. తీసిన పిన్నును, దాని ఎర్ర పట్టీని పైలట్ కళ్ల ముందు ఆడించి చూపించాలి. ఆయన బొటనవేలు ఎత్తాలి. విమానం తిరిగొచ్చాక బాపు మళ్లీ ఎక్కి ఆ పిన్ను పెట్టాలి. అది పెట్టేదాకా సాబ్ బెల్టు కూడా విప్పేవాడు కాదట.

ఒక పొద్దున జంటగా పోయిన విమానాల్లో ఒకటే తిరిగొచ్చింది. అది బాపు సాబ్‌ది కాదు. వచ్చిన పైలట్, వెనక పొగ చూశానన్నాడు, అంతే. చీకటి పడేదాకా బాపు పిన్ను జేబులో పెట్టుకుని నిచ్చెన పక్కనే నిలబడ్డాడు. మందలో ఒక్క గొర్రె తగ్గినా దొడ్డి తడిక వేయని ఇంటివాడు మరి. కాగితాల్లో 'ఆచూకీ లేదు' అని రాశారు. ఆ మాటనే పట్టుకుని బాపు బతికాడు.

"పిన్ను నా దగ్గరున్నది. అంటే సీటు పని జేస్తది. అంటే సాబ్ దుంకిండు. యాడనో ఉన్నడు" అనేవాడు. ఈ లెక్కకు ఎదురు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ సాబ్ మీద ఒళ్లుమంట. మా గడప తొక్కని మనిషి కోసం, వాకిట్లో జీపు చప్పుడైతే చాలు, తింటున్న పళ్లెం వదిలి బాపు లేచి నిలబడటమేమిటి?

కొన్నేళ్లకు, నేను ఊళ్లో ఉండగా, ఒక రిటైర్డ్ ఆఫీసర్ ఫోన్ చేశాడు. స్క్వాడ్రన్ యుద్ధ చరిత్ర రాస్తున్నాడట, పాతవాళ్లను వెతుకుతున్నాడట. బాపు హిందీలో గలగలా చెప్పాడు. వలలు కప్పిన విమానాలు, కందకాల్లో తాగిన చాయ్, చలికి వేళ్లకు అంటుకునే ఇనుము. ఆయన అంత సంతోషంగా మాట్లాడటం నేనెన్నడూ వినలేదు. చివరికి సాబ్ సంగతేమైనా తెలిసిందా అని అడిగాడు.

తెలిసింది. సరిహద్దు అవతలి నుంచి కబురు అందిందట. విమానం ఒక పొలంలో కూలింది. మరీ కిందుగా ఎగురుతుండగా దెబ్బ తగిలింది, హ్యాండిల్ గుంజే వ్యవధి లేకపోయింది. సాబ్ సీటులోనే ఉన్నాడు. అక్కడి ఊరివాళ్లే మట్టి చేశారు.

బాపు ఫోన్ నా చేతికిచ్చి గొర్ల దొడ్డిలోకి పోయాడు. వెనకాలే వెళ్లాను. "నేను పిన్ను తీసిన బిడ్డా. చూపిచ్చిన గూడ. యేలు గూడ ఎత్తిండు" అంటూ తడిక పట్టుకుని ఏడ్చాడు. "నీ తప్పేం లేదు బాపూ" అన్నాను. ఆయనకు కావలసింది ఆ మాట కాదని నాకు తెలుసు.

ఆ ఏటి పెత్తరమాసకు సాబ్ పాలు బాపే పోశాడు. జంగమయ్య సాబ్ తండ్రి పేరడిగాడు, తాత పేరడిగాడు. బాపుకు ఏదీ తెలియదు.

"మీకేమైతడు?" అన్నాడు జంగమయ్య.

బాపు చాట ముందుకు జరిపాడు. "మా ఇంటోడే. పోరడు" అన్నాడు.

నిజమే. సాబ్ వయసు ఆ యుద్ధం దగ్గరే ఆగిపోయింది. బాపు ఒక్కడే ముసలివాడయ్యాడు. ఇన్నేళ్లూ ఆ పిల్లవాడి మీదనా నేను కోపం పెట్టుకున్నది అనిపించింది.

ఆ చలికాలం బాపు పోయాడు. పిన్నును ఆయన గుప్పిట్లోనే పెట్టి పంపాం. అది లేకపోతే సాబ్ బెల్టు విప్పుకోడు కదా.

మరుసటి పెత్తరమాసకు అమ్మ చాట ముందు కూర్చుంది. తాతకు, అవ్వకు పోసింది. బాపుకు పోసింది. సాబ్ పాలు కూడా పోసి, చెయ్యి తీయకుండా తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది.

"అరిచేటోడే లేకపాయె బిడ్డా" అంది.