కూసుంటేనే పోస్త

ఆ కల్లుగీసే మామకు పొగరని మా ఇంట్లో ఇంకా అంటూనే ఉన్నారు. నేను మాత్రం ఒప్పుకోను.

ఎనభైల్లో పురుగుమందుల కంపెనీ పని మీద ఏ ఊరు వెళ్లినా తాటివనం వెతుక్కునేవాణ్ణి. వరంగల్ నుంచి పరకాల వెళ్లే దారిలో ఈ మామది అందరితో ఒకటే మాట: "కూసో. కూసుంటేనే పోస్త." కింద కూర్చుని తాటాకు రేక నోటి దగ్గర పట్టుకుంటే, పైనుంచి కల్లు లొట్టి వంచేవాడు.

ఒకరోజు కంపెనీ జీపులో మా మేనేజర్ వెంట వచ్చాడు. నా ఉద్యోగం పర్మినెంటు చేసే సంతకం ఆయనదే. తెల్ల ప్యాంటు మాసిపోతుందని నిలబడే రేక పట్టాడు. మామ లొట్టి వంచలేదు.

"మామా, ఎవరనుకుంటున్నవ్? మా పెద్దసారు!" అని అరిచాను.

"నీకు పెద్దసారు. నాకు తాగెటోడే. కూసోమను."

పక్కన తాగుతున్న మగ్గం పనివాళ్లు కిసుక్కున నవ్వారు. మేనేజర్ మొహం కందగడ్డలా అయింది. "పోయించు. లేకుంటే రేపట్నుంచి డ్యూటీకి రాకు" అన్నాడు నాతో. మామ చెయ్యి కదల్లేదు. ఆ బెదిరింపుకు నాకు ఒళ్లు మండిపోయి, ఆయన చేతిలోని రేక లాక్కుని నేనే కింద కూర్చున్నాను.

"గట్లుండాలె అల్లుడా!" అని మామ పోశాడు. జీపు నన్ను వదిలేసి వెళ్లిపోయింది. ఉద్యోగమూ పోయింది.

నలుగురితో కింద కూర్చోలేని ఆయనది హోదా, అందరినీ ఒకేలా కూర్చోమన్న మామది పొగరా?