మునెమ్మ గారి చేతికి కట్టిన బటన్

2022. కాడుగోడికి మెట్రో రైలు ఇంకా రాలేదు. స్తంభాల కింద దుమ్ములో స్కూటీ నడుపుకుంటూ, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళి ఫిజియోథెరపీ చేయించేదాన్ని. పెళ్ళయిన కొత్త, పాప ఇంకా పుట్టలేదు. ఏ ఇంట్లో ఎంతసేపు కూర్చున్నా అడిగేవాళ్ళు లేని రోజులవి. ఇప్పుడు పాప నిద్రపోయాక, మధ్యమధ్యలో లేచి దాని ఊపిరి చూసుకుంటూ ఇది రాస్తుంటే, ఆ ఇళ్ళలో తాగిన కాఫీలన్నీ గుర్తొస్తున్నాయి.

ఎక్కువగా అపార్ట్‌మెంట్లకే వెళ్ళేదాన్ని. మునెమ్మ గారి ఇల్లు మాత్రం పాత కాడుగోడిలో, మార్కెట్ వెనక సందులో ఉండేది. తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగు కుటుంబం. ఆవిడకు డెబ్బై దాటాయి. ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని చీరలకు ఫాల్ వేసేవారు, అంచులు జిగ్‌జాగ్ కొట్టేవారు. కూతురు సరళ మహదేవపురలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేది. ఇంట్లో వాళ్ళిద్దరే.

ఆ ఏడాది మునెమ్మ గారు బాత్‌రూమ్ గడప దగ్గర రెండోసారి పడ్డారు. మణికట్టు చిట్లింది. కట్టు విప్పాక సరళ నన్ను పిలిపించింది.

"ఇంకొకసారి పడితే నేను పని మానేసి ఇంట్లోనే ఉంటాను మేడమ్" అంది.

"నువ్వు ఇంట్లో ఉంటే నేను దినమూ పడతాను. పొద్దస్తమానం నీ ముఖం చూస్తే తల తిరగదా?" అన్నారు మునెమ్మ గారు, మిషన్ మీంచి తల ఎత్తకుండా.

సరళ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళాక మాత్రం గొంతు తగ్గించారు. "దాని మొగుడు పోయినాక నాలుగు మాటలు మాట్లాడింది ఆ ఆఫీసుకి పొయ్యేదానివల్లనే పాపా. నా వల్ల అది పోకూడదు. ఏమన్నా చెయ్యి."

ముందు ఫాల్ రిస్క్ అసెస్‌మెంట్ చేశాను. అంటే మనిషి పడే ప్రమాదం ఎంత ఉందో అంచనా వేయడం. కుర్చీలోంచి లేపి, కాస్త దూరం నడిపించి, వెనక్కి తిప్పి, మళ్ళీ కూర్చోబెడతాం. ఆవిడ నడక బాగానే ఉంది, తిరిగేటప్పుడే తూలుతున్నారు. వ్యాయామాలు మొదలుపెట్టాం. కానీ వాటితో కాళ్ళకు బలం రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా పగలంతా ఒంటరిగా ఉండే మనిషికి, పడితే సాయం పిలిచే పరికరం ఒకటి కావాలి.

"ఫాల్ డిటెక్టర్ అని ఒకటుంటుందమ్మా" అని మొదలుపెట్టాను.

"ఫాల్ కనిపెట్టేదానికి మిషన్ ఏమిటికి? చీర చేతికిస్తే నేనే చెప్తాను గదా, ఉండాదో లేదో."

సరళ చేతిలోని కాఫీ ఒలికేదాకా నవ్వింది.

నిజంగానే ఆ డిటెక్టర్ ఆవిడకు పనికి రాలేదు. మనిషి ఒక్కసారిగా కిందికి వెళితే అది దానంతటదే అలారం కొడుతుంది. మునెమ్మ గారేమో గుడ్డ కత్తిరించడానికి నేల మీద దబ్బున కూలబడే మనిషి. మెడలో వేసుకునే పెండెంట్ చూశాం. మిషన్ మీదకు వంగితే అది సూది దగ్గరకు వేలాడింది. స్మార్ట్ వాచ్ రోజూ చార్జింగ్ పెట్టాలి, స్నానానికి తీసేసి పెడితే అక్కడే మర్చిపోతారు. ఆవిడ పడేది బాత్‌రూమ్ దగ్గరే కదా. చివరికి నీళ్ళలో తడిసినా పాడవని, చేతికి కట్టుకునే బటన్ ఒకటి ఎంచుకున్నాం. నొక్కితే గోడకున్న స్పీకర్ డబ్బాలోంచి కాల్ సెంటర్ మనిషి మాట్లాడతాడు. అవసరమని తేలితే ఎదురింటి లక్ష్మికి ఫోన్ చేస్తాడు. లక్ష్మి దగ్గర తాళంచెవి ఉంది. భాష తెలుగు అని పెట్టించాం. అన్నీ ఆలోచించామనే అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం సరళ ఫోన్ చేసింది. ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ గడప దగ్గర నేల మీద ఉందట. మధ్యాహ్నం నుంచీ. దెబ్బలు పెద్దగా లేవు గానీ ఒళ్ళు చల్లబడిపోయిందట. "బటన్ నొక్కింది మేడమ్. ఎవరూ రాలేదు. రేపే పేపర్ వేసేస్తాను." ఉద్యోగానికి రాజీనామా ఇస్తానని అర్థం.

మర్నాడు వెళ్ళాను. సరళ కంపెనీ వాళ్ళతో పోట్లాడి కాల్ రికార్డింగ్ తెప్పించింది. ముగ్గురం కూర్చుని విన్నాం.

"నమస్కారం అమ్మా, బాగున్నారా?"

"బాగుండామప్పా. మీరందరూ బాగుండారా? అన్నం తింటిరా?"

"తిన్నామమ్మా. సంతోషం. జాగ్రత్తగా ఉండండి."

అంతే. కాల్ అయిపోయింది.

"బాగుండామని చెప్పినావా? కింద పడి?" సరళ తల్లి వైపు తిరిగింది.

"అడిగినాడు, చెప్పినాను. బాగుండారా అంటే బాగుండామనే గదా అనేది? మొదట మంచీ చెడ్డా, తర్వాత గదా పని మాట. నేను విషయానికి వచ్చేలోపలే పెట్టేసినాడు."

"మళ్ళీ నొక్కాల్సింది కదమ్మా" అన్నాను.

"నొక్కితే మనిషి వస్తాడని నువ్వే చెప్పితివి. వస్తాడులే, తొందరపెడితే బేజారు చేసుకుంటాడని ఉంటిని."

నాకు నవ్వు రాలేదు. సరళ అప్పటికే రాజీనామా రాయడానికి లాప్‌టాప్ తెరిచి పెట్టుకుంది. "వారం ఆగు" అని అడిగాను. మునెమ్మ గారు కూతురి చేతుల వైపే చూస్తున్నారు. సరళ లాప్‌టాప్ మూసింది.

కంపెనీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి, ఈ ఇంటికి మాత్రం మొదటి ప్రశ్న మార్చమన్నాను.

"మర్యాదగా పలకరించాలి కదండీ" అన్నాడు.

"ఆవిడకు మర్యాద మీకంటే ఎక్కువ. ఇబ్బంది అదే" అన్నాను.

చివరికి కంపెనీ రికార్డులో ఆవిడ పేరు పక్కన రాయించాం. 'బాగున్నారా' అని అడగకూడదు. 'కింద పడ్డారా, లేవగలరా' అని అడగాలి. జవాబు స్పష్టంగా లేకపోతే వెంటనే లక్ష్మికి ఫోన్ చేయాలి.

ఆ వారంలోనే చాప పరిచి, మునెమ్మ గారిని పడుకోబెట్టి బటన్ నొక్కించాను.

"అమ్మా, కింద పడ్డారా?"

"లేదప్పా. ఈ పాప పండుకోబెట్టింది." తర్వాత నా వైపు తిరిగి, "ఏం పిల్లోడు. ఎట్లుండావని కూడా అనలేదు" అన్నారు.

మళ్ళీ మళ్ళీ చేయించాను. ప్రతిసారీ ఆ అబ్బాయి మీద ఏదో ఒక సణుగుడే. కానీ జవాబు మాత్రం సూటిగా రావడం మొదలైంది.

వానాకాలంలో ఆవిడ నిజంగానే పడ్డారు. "పడినానప్పా, లేచేదానికి కాలేదు" అన్నారట. సరళ ఆఫీసులో ఫోన్ ఎత్తేసరికి లక్ష్మి ఆవిడను లేపి, మంచం మీద కూర్చోబెట్టి, నీళ్ళు తాగిస్తోంది. ఆ మర్నాడు సరళ మామూలుగా ఆఫీసుకు వెళ్ళింది. గుమ్మం దాకా వచ్చి సాగనంపింది మునెమ్మ గారేనట.

ఈ రోజుకీ అలర్ట్ డివైస్ కొనేవాళ్ళు నన్ను బ్యాటరీ గురించి, రేంజ్ గురించి అడుగుతారు. అవీ చెబుతాను. ఆ తర్వాత నేనొకటి అడుగుతాను: బాగున్నారా అంటే మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారు? చాలామంది వెంటనే చెప్పలేరు, ఇంటికి వెళ్ళి అడుగుతామంటారు. అడగొద్దంటాను. నేల మీద పడుకోబెట్టి, బటన్ నొక్కించి, పక్కన కూర్చుని వినమంటాను.